రెండో రింగు

పదమూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. మీరు నన్ను నమ్మనక్కర్లేదు. నన్ను నేనే నమ్మడం మానేసి చాలా కాలమైంది.

అప్పట్లో ఈ పరాయి దేశానికి కొత్తగా వచ్చి రిక్కార్టన్‌లో ఫ్లాట్‌లో ఉంటూ, ఊరి బయట ఒక ఫారంలో మెకానిక్‌గా చేరాను. పాత ట్రాక్టర్ల పని అంతా వచ్చని యజమానికి గొప్పగా చెప్పాను. ఆ ఉద్యోగం ఇప్పించింది అక్కడే ట్రాక్టర్ నడిపే రమణన్న, అనంతపురం మనిషి.

ఒకరోజు పాత ట్రాక్టర్ వెనక తగిలించిన గడ్డి కోసే మిషన్ పైకి లేపితే నిలవడం లేదని నాకు అప్పగించారు. దాన్ని లేపే లిఫ్టులో పెద్ద మాయేమీ లేదు. ఇంజిన్ తిప్పే పంపు నూనెను సిలిండర్లోకి తోస్తుంది, నూనె పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ ట్రాక్టర్ వెనకుండే రెండు ఇనుప చేతులను లేపుతుంది. ఆ నూనె బయటికి పోనంతసేపే బరువు పైన ఉంటుంది. పోకుండా ఆపేది పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు. రబ్బరు నలిగిపోకుండా దాని పక్కన ఇంకో గట్టి రింగు. తెనాలిలో నాకు పని నేర్పిన మేస్త్రీ ఈ రెండోదాన్ని దండగని పారేసేవాడు. అది ఏ వైపు ఉండాలో నాకు తెలియదు. అడిగితే ఏం పోయేది? అంతా వచ్చని చెప్పుకున్న నోటితో అడగలేకపోయాను. పాత రింగులు తీసి కొత్తవి చేతికొచ్చినట్టు పెట్టేశాను.

మూడు వారాలు బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం రమణన్న ఇంజిన్ ఆపి, పైకి లేపిన మిషన్ కింద ఇరుక్కున్న గడ్డి లాగుతుంటే అది దిగిపోయింది. కుడి పాదం నలిగింది. మూడు వేళ్లు తీసేశారు.

లిఫ్టు విప్పి చూడమని యజమాని నాకే చెప్పాడు, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. విప్పాను. గట్టి రింగు నూనె వైపు ఉంది. ఉండాల్సింది అవతలి వైపు. ఆసరా లేక రబ్బరు సందులోకి నలిగి చిరిగిపోయింది. కొత్తవి వేసి, చిరిగినదాన్ని జేబులో పెట్టుకుని, లోపలంతా బాగానే ఉందన్నాను. దాంతో అందరి అనుమానం రమణన్న మీదికి మళ్లింది. దిగేటప్పుడు సీటు పక్కనుండే, లిఫ్టును దించే లీవరును కదిలించి ఉంటాడన్నారు. ఆయన భార్యా అదే అంది.

ఆసుపత్రిలో ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు ఇప్పి చూసినావు గదా తమ్ముడూ. నిజం చెప్పు. దిగేటప్పుడు నా మోకాలేమన్నా తగిలింటాదా?"

"తగిలుంటుందిలే అన్నా. ఎవరికైనా జరుగుతుంది."

ఆయన తలూపాడు. వీసా పోతుందన్న భయంతో అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సాకు మీదా నాకు అనుమానమే. ఇక్కడే ఉండిపోయే రెసిడెన్సీ వచ్చి పదేళ్లయింది. మరి అప్పుడెందుకు చెప్పలేదు? పరువు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఇప్పుడు ఇద్దరం వేరే ఊళ్లో ఉంటున్నాం, నేను హాబ్సన్‌విల్‌లో, ఆయన ఆల్బనీలో. మనవాళ్ల వేడుకల్లో ఎక్కడ కలిసినా భుజం తట్టి, నా పనితనం గురించి పదిమందికి చెబుతాడు. తెలిసే అంటున్నాడా? అంతమందిలో కుంటుతూ వచ్చి నా పక్కనే ఎందుకు కూర్చుంటాడు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం నాకు అలవాటైపోయింది.

పోయిన నెల ఆయన కారు దిగుతుంటే చూశాను. మోకాలిని రెండు చేతులతో పట్టుకుని, దేనికీ తగలకుండా మెల్లగా బయట పెట్టాడు. ఆయనకేమీ తెలియదని అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది.

రింగు తప్పు వైపు పెట్టింది నేను. చూసి దాచింది నేను. ఇది రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. రమణన్న మాత్రం ఇప్పటికీ తన మోకాలినే అనుమానిస్తున్నాడు.