మా వీధి పనిముట్ల పాక

"బాడిస తిరిగొచ్చిందా?" అని అడిగారు మా ఆయన, బెజవాడ ఆసుపత్రి మంచం మీద.

"వచ్చింది లెండి. ముందీ జావ తాగండి" అన్నాను.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలవే. నేను చెప్పింది అబద్ధం. కర్ర చెక్కే ఆ బాడిస పాకలోకి తిరిగొచ్చిందో లేదో నేను చూడనే లేదు.

మాది మగ్గాల వీధి. ఇంటింటా అన్ని పనిముట్లూ కొనుక్కునే స్తోమత ఎవరికీ లేదు. అందుకని మా పెరట్లో అందరూ కలిసి తాటాకు పాక వేసి, ఎవరి దగ్గరున్నవి వాళ్ళు తెచ్చి గోడకు తగిలించారు. నాలాంటి చదువురాని వాళ్ళ కోసం ఆయన ప్రతి మేకు కిందా ఆ పనిముట్టు బొమ్మ బొగ్గుతో గీశారు. ఏదైనా ఇంటికి పట్టుకెళితే ఆ మేకుకు తమ తువ్వాలు తగిలించి వెళ్ళాలి. ఎవరి మగ్గం మీద నేసిందో అంచు చూస్తేనే మాకు తెలిసిపోతుంది. పేరు రాయక్కర్లేదు.

ఆయన పోయాక వెళ్ళి చూస్తే బాడిసా లేదు, తువ్వాలూ లేదు. ఇంకొకటి పోనివ్వకూడదని పాకకు తాళం వేసి, చెవి కొంగున కట్టుకున్నాను. అడగడానికి మొహమాటపడి జనం రావడం తగ్గించారు. మూలింటాయన తన రంపం తాను పట్టుకెళ్ళిపోయాడు. ఆ వెనకే సుత్తులు, ఉలులు వెళ్ళాయి. గోడ మీద బొమ్మలే మిగులుతున్నాయి. ఆయన చేతి మీద నడిచిన పాక నా చేతుల్లోనే పోతోందని భయం పట్టుకుంది. అయినా తాళం తీయలేదు.

ఒకసారి పటమటలో చెల్లెలింటికి వెళ్ళి రెండు రోజులుండి వచ్చేసరికి, ఎదురింటి వదిన మగ్గం తాలూకు విరిగిన తొక్కుడు కర్ర పట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఉంది.

"వచ్చావా మహాతల్లీ! నిన్నట్నించీ మగ్గం ఆగిపోయింది. చెల్లెలింట్లో పప్పన్నం బాగుందా?"

"దొంగలు పడతారని కదా వదినా తాళం వేసింది?"

"దొంగలా! మమ్మల్నేనా అనేది? అన్నయ్యగారు ఏనాడన్నా వేశారా తాళం? పదిమంది తిరుగుతుంటే ఏ మేకు ఖాళీ అయిందో పదిమందికీ కనబడుద్ది. నువ్వు మూసి కూర్చుంటే ఎవరిక్కనబడుద్ది, పిల్లికా?"

కొంగున చెవి విప్పి, పెరట్లోకి వెళ్ళి తాళం తీశాను. కర్ర బాగు చేసుకుంటూనే ఆవిడ కొత్త పద్ధతి చెప్పింది. వారానికో ఇల్లు పాక ఊడ్చి, తువ్వాలు వేలాడుతున్న మేకులు చూసి, ఆ ఇంటికెళ్ళి అడగాలి. మొదటి వంతు నాకే వేసింది. నేను గడప గడపకూ వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి వచ్చాను. వారం తిరక్కుండా రంపం తన బొమ్మ మీదికి చేరింది. బాడిస మేకు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. తాటాకు పోయి రేకులొచ్చాయి గానీ ఆ వంతు ఇప్పటికీ నడుస్తోంది.

ఒసే కోడలా, ఆవిడ నన్నన్న మాటలు మెత్తగా మార్చి రాయలేదు కదా? ఏదీ, మొదట్నించీ చదివి వినిపించు.