కంచె గీసిన అమెరికా ఊరు

మా మేష్టారు పోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. డెబ్బై దాటినదాన్ని, తొమ్మిదేళ్ల పిల్లలా మంచం కిందికి చూశాను. ఆ భయం సంగతి మీకు చెప్పాలి.

అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో మా ఇళ్ల చుట్టూ ముళ్లకంచె, పొద్దుగూకితే మూసేసే ఒకటే గేటు. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారులకు తిండి చేరకూడదని, పనికి వెళ్లే ఆడవాళ్ల మూటలన్నీ విప్పి చూసేవారు. కంచె లోపలే మా తెలుగు బడి. మేష్టారి దగ్గర తగరం గని ఇంజినీరెవరో వదిలేసిన బొమ్మల పుస్తకం ఉండేది. అందులో అన్నీ అమెరికాలోని చిన్న ఊళ్లే. ఒక వీధి, రైలు స్టేషను, నీళ్ల ట్యాంకు, ఊరివాళ్లు కూడి మాట్లాడుకునే హాలు. మేష్టారు ముక్కుపొడి పీల్చి, తుమ్మాకే పేజీ తిప్పేవారు.

"రైలాగితే ఊరు పుట్టినాది. గని మూసేస్తే ఊరు పోనాది. మన ఊళ్లూ అంతే లా!" అనేవారు, మలయావాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

ఒకరోజు అలాంటి ఊరిని గీయమన్నారు. నేను వీధి, స్టేషను, ట్యాంకు గీసి, పేర్లు రాసి, చుట్టూ ముళ్లకంచె, గేటు కూడా పెట్టాను.

"ఏటే గుంటా, ఈ కంచేటి? అక్కడ లేదు గదా!"

"కంచె లేకపోతే ఆళ్లెలా తొంగుంటారు మేష్టారూ?"

పిల్లలు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు.

మర్నాడు అమ్మ ఆ కాగితంలోనే ఆకువక్క చుట్టుకుని పనికి బయల్దేరింది. గేటు దగ్గర పోలీసు విప్పి చూశాడు. వీధి, కంచె, గేటు, తను చదవలేని అక్షరాలు. అడవిలో వాళ్లకి తోట మ్యాపు పంపుతోందన్నాడు. అలాంటి అనుమానం మీద మనుషుల్ని ఓడెక్కించి ఇండియాకి పంపేస్తున్న కాలం. గీసింది నేనేనని చెప్పకుండా, అమ్మ కొంగు చాటుకి జరిగాను.

నోట్లో పళ్లపొడితోనే మేష్టారు పరుగెత్తుకొచ్చారు. "అది నాను గీసినాను" అన్నారు. ఆయన్ని జీపెక్కించారు.

ఎనిమిది రోజులు జీపు చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరేదాన్ని. నిజం చెబితే అమ్మ పోతుంది, చెప్పకపోతే మేష్టారు పోతారు. ఆ పుస్తకం చూపించి వాళ్లని నమ్మించడానికి ఆయనకి అన్నాళ్లు పట్టిందట. తొమ్మిదోనాడు చిక్కిపోయి బడికొచ్చి, "ఎక్కడాపినామర్రా?" అన్నారు. నన్నేమీ అడగలేదు. నేనూ ఏనాడూ ఏమీ చెప్పలేదు.

మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన మెర్డెకా పండక్కి మేష్టారు మమ్మల్ని టౌనుకి తీసుకెళ్లారు. అందరూ జెండాలు చూస్తుంటే, గేటు మూసేస్తారేమోనని నేను పొద్దు వంక చూస్తున్నాను. "ఇయాల ఎవులూ మూయరే" అన్నారు మేష్టారు. నేను నమ్మలేదు.

మొన్న కర్మ అయ్యాక ఆయన కూతురు ఒక కాగితం నా చేతిలో పెట్టింది. "పోలీసులు తిరిగిచ్చినారంట అక్కా. నీకిమ్మన్నారు." వక్క మరక కింద నా కంచె. పక్కన ఎర్ర సిరాతో మేష్టారి దస్తూరి: పదికి ఏడు. కంచెకి మూడు కోసినాను.

అప్పుడు వచ్చింది ఏడుపు.

కాగితం సంచిలో పెట్టుకుని బయల్దేరాను. వాళ్ల ఇంటి గేటు బార్లా తెరిచి ఉంది, అక్కడ ఎవరూ లేరు. అయినా నా కాళ్లు ఆగాయి, చేతులు వాటంతటవే సంచి విప్పి ముందుకు చాపాయి.