ఫాదర్ గారికి బడిబాట

పోయిన సోమవారం ఒక కాన్వెంట్ ప్రిన్సిపాల్ గదిలో నేను చేసిన ఘనకార్యం మా స్టాఫ్‌రూమ్ దాటి మండలమంతా పాకిందట. వేరేవాళ్ళు మసాలా చల్లి చెప్పకముందే నా నోటే వినండి. టీ చల్లారిపోతోంది, తాగుతూ వినండి.

నేను ఖాజాగూడ దగ్గర సర్కారు బడిలో టీచర్నని తెలుసు కదా. జూన్ వచ్చిందంటే మాకు బడిబాట. గల్లీ గల్లీ తిరిగి, తలుపు తలుపూ కొట్టి, "మీ పిల్లల్ని మా బడికే పంపండి" అని బతిమాలడమన్నమాట. చేతిలో కరపత్రాలు, నెత్తి మీద ఎండ. పక్కనే అద్దాల బిల్డింగులున్నాయి, కాసేపు వాటి నీడలో నిలబడదామంటే సెక్యూరిటీ వాళ్ళు ఊరుకోరు. ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. ఇన్ని స్కూళ్ళుండంగ మీ బడే ఎందుకు, టీచరమ్మా? అది చెవిన పడితే చాలు, నా నోరు దానంతటదే మొదలుపెడుతుంది. ఉచితంగా పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, ఇంగ్లీష్ మీడియం, పరీక్ష రాసి నెగ్గి వచ్చిన టీచర్లు, మధ్యాహ్నం వేడివేడి అన్నం. వారం తిరిగేసరికి నిద్రలో కూడా ఇదే చెప్తున్నానని మా ఆయన కంప్లైంట్.

ఇక మా ఇంటి సంగతి. మా హాసిని ఈ ఏడు ఒకటో తరగతి. మా ఆయనది ఏలూరు, చదివింది కాన్వెంట్‌లో. అక్కడి ఫాదర్ వేసిన బెత్తం దెబ్బల వల్లే హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిందని ఆయన గట్టి నమ్మకం. నేనేమో వికారాబాద్ వైపు సర్కారు బడిలో చదివి టీచర్నయినదాన్ని. మరి నేను గట్టిగా వాదించాలా వద్దా? వాదించలేదు. దాచుకోవడం దేనికి, నాకూ ఆ టై, బెల్టు, మడతల స్కర్టు మీద ఆశ ఉంది. కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరైనా "పాప ఏ స్కూలండీ?" అంటే టక్కున కాన్వెంట్ పేరు చెప్పాలని ఆశ. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి నా బడి, నా పిల్లకి ఇంకో బడి. లోపల కొంచెం సిగ్గుగానే ఉండేది, కానీ పైకి తేలనిచ్చేదాన్ని కాదు.

బడిబాట రెండో రోజే అది పైకి తేలింది. చెరువు పక్క గల్లీలో లక్ష్మి అని ఒకావిడ ఉంది. ఏదో కాన్వెంట్‌లో ఆయా పని చేస్తుందట. ఆమె కూతురు శ్రావణిది కూడా ఒకటో తరగతే. నా ఉపన్యాసం మొత్తం ఓపిగ్గా విని, చేతిలో చీపురు గోడకి ఆనించి, నెమ్మదిగా అడిగింది.

"మరి మీ బిడ్డ యాడ సదువుతది, టీచరమ్మా?"

ఈ ప్రశ్న మా కరపత్రంలో లేదు. "మా పాపను గూడ ఈ ఏడు మా బడిలనే ఏస్తున్న" అనేశాను. ఆమె మొహం విప్పారింది. అట్లయితే ఫికర్ లేదు, మా శ్రావణిని గూడ తోలుకొస్త అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కానీ మర్నాటి ఎండకి ఆ బాధ కూడా ఆవిరైపోయింది.

ఇంతలో మేం దరఖాస్తు పెట్టిన కాన్వెంట్ నుంచి ఫోన్. ఒకటో తరగతిలో ఒక్క సీటు ఖాళీ అయింది, సోమవారం పదింటికి వచ్చి ఫాదర్‌ని కలవండి అన్నారు. ఆ స్కూల్లో ప్రిన్సిపాల్ ఫాదర్ గారే. మా ఆయన సంబరం చూడాలి! నాతో రెండు రోజులు రిహార్సల్స్ చేయించాడు. మా స్కూలే ఎందుకు అని అడుగుతారు, డిసిప్లిన్, వాల్యూస్, ఇంగ్లీష్ అని మూడు ముక్కలు చెప్పు, ఎక్కువ మాట్లాడకు సుజాతా అని మరీ మరీ చెప్పాడు.

సోమవారం బడిబాట మధ్యలో రెండు గంటలు పర్మిషన్ పెట్టి, కరపత్రాలున్న అదే ఫైలు చంకలో పెట్టుకుని బయల్దేరాను. మా ఆయన కొత్తగూడ ఫ్లైఓవర్ మీద మొదలుపెట్టిన ఆఫీసు కాల్ కాన్వెంట్ గేటు దగ్గరికి వచ్చినా తెగలేదు. మీరిద్దరూ పదండి, ఐదు నిమిషాల్లో వస్తా అని సైగ చేశాడు.

ఫాదర్ గారు పెద్దాయన. తెల్లటి పొడుగు అంగీ, చల్లని మొహం. నేను ఇంగ్లీషు కూడదీసుకుని కూర్చుంటే ఆయన శుభ్రమైన తెలుగులో అడిగారు.

"ఇన్ని స్కూళ్ళుండగా ఈ స్కూలే ఎందుకమ్మా?"

అంతే. నాలో టేపు తిరగడం మొదలైంది. ప్రైవేటు స్కూళ్ళలో టై, బెల్టు తప్ప ఏముంది చెప్పండి అన్నాను. ఆయన కనుబొమలు లేచాయి. ఈయనకి ఇంటరెస్ట్ కలుగుతోంది అనుకున్నాను! పుస్తకాలు ఫ్రీ అన్నాను, యూనిఫాం ఫ్రీ అన్నాను. నా చెయ్యి ఫైలు తెరిచి కరపత్రం తీసి ఆయన చేతిలో పెట్టేసింది. అన్నం సంగతి రాగానే మా హాసిని కూడా అందుకుంది, "గుడ్డు కూడా పెడతారు" అని. ఆ ఊపులో నేను రోజూ చెప్పే చివరి మాట కూడా చెప్పేశాను.

"కాబట్టి మీ పిల్లల్ని మా బడికే పంపండి, ఫాదర్."

సరిగ్గా అప్పుడే మా ఆయన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఫాదర్ గారు కరపత్రం రెండు వైపులా చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నాకు పిల్లలు లేరమ్మా. ఉంటే తప్పకుండా పంపేవాణ్ణి."

ఏమైందని మా ఆయన పక్కన కూర్చుంటూ నా చెవిలో అడిగితే, అమ్మ ఫాదర్ గారిని వాళ్ళ బడిలో చేర్పిస్తోంది నాన్నా అని హాసిని వివరించింది. భూమి చీలితే బాగుండుననుకుంటున్నాను. అప్పుడు మంచినీళ్ళ ట్రే పట్టుకుని ఆయా వచ్చింది.

లక్ష్మి.

నన్ను చూసింది, హాసినిని చూసింది, బల్ల మీద అడ్మిషన్ ఫారం చూసింది. ఆమె ఏమన్నా అనేలోపే ఫాదర్ గారు నవ్వుతూ అసలు సంగతి చెప్పారు. ఆ ఖాళీ సీటు లక్ష్మి కూతురి కోసం ఆయన ఉంచిందేనట. ఎవరో సర్కారు బడి టీచరమ్మ చాలా బాగా చెప్పిందని, తన బిడ్డనే అక్కడ వేస్తోందని, మొన్న లక్ష్మి వచ్చి వద్దందట. ఆ టీచరమ్మ ఎవరా అనుకున్నాను, ఇవాళ తెలిసింది అన్నారు.

లక్ష్మి గ్లాసు నా ముందు పెట్టి మెల్లగా అంది.

"మీ బిడ్డ గీడికొస్తే, మా బిడ్డ ఆడికెందుకు, టీచరమ్మా?"

ఇప్పటిదాకా నవ్వులాటగా చెప్పాను గానీ, ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నా అబద్ధంతో ఆ తల్లి సీటు వదులుకుంది, ఆ సీట్లో కూర్చోబెట్టడానికి నేను నా పిల్లకి జడలేసి తీసుకొచ్చాను. ఫాదర్ గారు కరపత్రం నా వైపు జరిపి, ఇందులో అబద్ధం ఏమన్నా ఉందా అమ్మా అని అడిగారు. లేదు ఫాదర్, ఒక్క ముక్క లేదు అన్నాను. "మరి?" అన్నారు.

ఫారం వెనక్కి తీసుకుని ఫైల్లో పెట్టేశాను. అది చూసి, అట్లయితే మా శ్రావణి గూడ ఆడికే అంది లక్ష్మి. ఇంటికెళ్ళాక మా ఆయనతో పెద్ద యుద్ధం తప్పదనుకున్నాను. ఫాదర్ గారు ఆయన వైపు తిరిగి "మీరేమంటారు?" అన్నారు. ఏలూరు భయం ఎక్కడికి పోతుంది? మా ఆయన చటుక్కున లేచి చేతులు కట్టుకుని "యెస్, ఫాదర్" అన్నాడు.

మర్నాడు లక్ష్మి, నేను ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని మా బడికి వెళ్ళాం. మా రిజిస్టర్లో "ప్రోత్సహించినవారు" అని ఒక గడి ఉంటుంది. శ్రావణి పేరుకి ఎదురుగా నా పేరు రాశాను. హాసిని దగ్గర పెన్ను ఆగింది. ఇంకో అబద్ధం ఎందుకని "ఫాదర్" అని రాశాను.

మా హెడ్మాస్టర్ అది చదివి, అంటే మా ఆయనే అనుకుని, వెంటనే ఫోన్ చేసి అభినందించాడు. ఈయన కూడా తడుముకోకుండా, నా బాధ్యత నేను చేశాను సార్ అన్నాడట! బుధవారం ప్రార్థనలో ఆదర్శ తండ్రి అని ఆయన పేరు చదివితే పిల్లలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, ఏం చేస్తాం. ఖాజాగూడలో తలుపు తలుపూ కొట్టిన టీచరమ్మని నేను. మా ఇంటి తలుపు మాత్రం కాన్వెంట్ ఫాదర్ కొట్టాల్సి వచ్చింది.