ఆయన పేరు మీద వచ్చే ఫ్యాక్సులు

ఉదయం ఏడూ ఇరవైకి ఫ్యాక్స్ మోగి ఒక కాగితాన్ని బయటికి తోసింది. ఇంటి కప్పులు బాగుచేసే కంపెనీ ప్రకటన. పైన మా ఆయన పేరు. ఆయన పోయి అప్పటికి రెండు నెలలు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, వీసా కాగితాలు లాయర్‌కి పంపడానికి ఆ మెషీన్ కొన్నాం. గ్రీన్ కార్డులు వచ్చాక దానికి ప్రకటనలు తప్ప ఏమీ రాలేదు.

సెలవులకు వచ్చిన మా అమ్మాయి కాగితం చూసి మండిపడింది. "అమ్మా, ఇది ఇల్లీగల్. కంప్లెయింట్ ఫైల్ చేద్దాం."

"ఆగు, ముందు చట్టం చూడనీ."

ఇంటర్నెట్‌లో చదివాను. అందుకునేవాళ్లు అనుమతిస్తే, లేదా వాళ్లతో ఇదివరకే వ్యాపార సంబంధం ఉంటే తప్ప ఫ్యాక్స్‌లో ప్రకటన పంపకూడదు. ఖర్చు లేకుండా ఆపించుకునే దారి మొదటి పేజీలోనే చూపాలి. ఆ కంపెనీ చేత మేమెప్పుడూ పని చేయించుకోలేదు. ఇది చట్టప్రకారం వచ్చిందే అయితే ఆయనే అనుమతించి ఉండాలి. పోస్టులో వచ్చే ప్రకటనలను గరాజ్‌లోనే చెత్తబుట్టలో పడేసే మనిషి దీనికెందుకు ఒప్పుకున్నట్టు? ఆయన నిజంగా కోరుకున్నవైతే ఆపించకూడదనుకున్నాను.

ప్రకటనలు ఆపించుకోవడానికని కాగితం అడుగున ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అవతలి ఆవిడ కంప్యూటర్‌లో వెతికి చెప్పింది. ఒక మాల్‌లో వాళ్ల స్టాల్ దగ్గర ఆయన బహుమతి కూపన్ నింపారట. ఫ్యాక్స్ నంబర్ రాశారు. ప్రకటనలు పంపవచ్చన్న గడిలో టిక్ పెట్టారు.

అమ్మాయికి నవ్వాగలేదు. "నాన్న కదా! బాక్స్ కనిపిస్తే వదుల్తారా?"

వదలరు. వీసా రోజుల్లో ఒక దరఖాస్తు, ఒక్క గడి ఖాళీగా ఉందని వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఈ దేశంలో ఏ కాగితం మీదా ఆయన ఖాళీ ఉంచలేదు. పిల్ల స్కూల్ ఫారంలో అలెర్జీల దగ్గర కూడా "ఏవీ లేవు, థాంక్స్" అని రాసేవారు.

"ఆపేయమంటారా?" అని ఆవిడ అడిగింది.

బ్యాంకు, బీమా, కరెంటు, అన్నీ నా పేరుకు మారిపోయాయి. ఆయన పేరుతో ఇంటికి వచ్చేవి ఈ కాగితాలే.

"ఉంచుదాంలే అమ్మా, నీకు కావాలంటే," అంది అమ్మాయి, గొంతు తగ్గించి.

కానీ అవి ఆయన కోరుకున్నవి కావు. ఆపేయమన్నాను. ఆవిడ మా ఆయన పేరుకు స్పెల్లింగ్ అడిగితే ఒక్కో అక్షరం చెప్పాను.

ఇప్పుడు ఆ మెషీన్‌లో కాగితం పెట్టడం లేదు.