దీక్షలో బయటపడ్డ రెండో వైరస్

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తర్వాత వచ్చిన రెండో చలికాలం. అప్పుడు నేను ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఒక పెద్ద ఆసుపత్రి కాలేయ విభాగంలో హెపటైటిస్ స్పెషలిస్ట్ నర్సుగా పని చేస్తున్నాను. రిటైరవడానికి ఇంకా ఏడాది పైగా ఉంది. హోదా ప్రకారం కన్సల్టెంట్ అనే పెద్ద డాక్టరుకీ వార్డు నర్సులకీ మధ్య ఉండే ఉద్యోగం అది. ఏ జబ్బో తేల్చి, ఏ మందో నిర్ణయించేది కన్సల్టెంట్. రక్తపరీక్షలు రాయించడం, ఫలితాలు చూడడం, రోగితో ఓపిగ్గా మాట్లాడడం నా వంతు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. భీమవరంలో మా నాన్నగారి దగ్గరే చదువుకుని, పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. అర్థం కానిదాన్ని అర్థం కాలేదని చెప్పడం ఆయన దగ్గరే అలవాటైంది. ఈ ఉద్యోగంలో అది ఎంతో అక్కరకొచ్చింది. అందుకు ఆయనకీ, ఆయన్ని నాకు తండ్రిగా ఇచ్చిన భగవంతుడికీ రుణపడి ఉన్నాను.

మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో శ్రీకాంత్ ఒకడు. కాకినాడ కుర్రాడు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పుట్టుకతోనే తల్లి నుంచి హెపటైటిస్ బి వచ్చింది. ఈ దీర్ఘకాలిక జబ్బుకి రోజూ ఒక మాత్ర ఉంటుంది. అది వైరస్‌ని ఒంట్లోంచి వెళ్లగొట్టదు, అణిచి ఉంచుతుంది. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేసి, అంతా బాగుందని చెప్పి పంపేవాళ్లం. డిసెంబరులో చేసిన పరీక్షలో మాత్రం ఏఎల్‌టీ వెయ్యి దాటింది. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైమ్ అది. మామూలుగా యాభై లోపు ఉండాలి.

ఫోన్ చేసి రమ్మన్నాను. నల్లబట్టలు, మెడలో తులసిమాల, నుదుట విభూతితో వచ్చాడు. అయ్యప్ప దీక్షలో ఉన్నాడు. చెప్పులు కార్లోనే వదిలేశాడు గానీ, ఆ చలికి రెండు జతల సాక్సులు తొడిగాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. దీక్షలో ఉన్నవాళ్లు ఎదుటివాళ్లని స్వామి అనే పిలుస్తారు. నన్ను ఎప్పటిలా ఆంటీ అన్నా, దీక్ష అలవాటు కొద్దీ మా కన్సల్టెంట్‌ని “గుడ్ మార్నింగ్ స్వామీ” అన్నాడు. ఆవిడది గ్లాస్గో. అతను బయటికి వెళ్లాక, తనకేమైనా ప్రమోషన్ వచ్చిందా అని నన్ను అడిగింది.

మొదట అందరికీ తట్టింది ఒకటే. దీక్ష పేరుతో మాత్ర మానేసి ఉంటాడు, అణిగి ఉన్న వైరస్ లేచి ఉంటుంది.

“ఇంగ్లీషు మందులు మానేశావా నాన్నా?” అని అడిగాను.

“లేదు ఆంటీ. స్నానం, పూజ అవగానే ముందు నోట్లో వేసుకునేది అదే.”

“కామెర్లని ఎవరైనా పసరు పోశారా?”

“అమ్మ పంపిస్తానంది. కస్టమ్స్‌లో పట్టుకుంటారని నేనే వద్దన్నాను.”

నాలుగు రోజులకి వైరస్ లెక్క వచ్చింది. రక్తంలో బి వైరస్ కనపడనే లేదు. అంటే అతను చెప్పింది నిజం. కానీ కాలేయం మాత్రం రోజురోజుకీ పాడవుతోంది. రక్తం గడ్డకట్టే సమయం పెరిగింది. కాలేయం చేతులెత్తేస్తోందనడానికి అది గుర్తు. వెంటనే వార్డులో చేర్చుకున్నాం. ఇదే వరసన సాగితే కాలేయ మార్పిడి గురించి ఆలోచించాల్సి వస్తుందని కన్సల్టెంట్ చెప్పింది.

హెపటైటిస్ బి ఉన్న మనిషికి దాని మీద ఇంకో వైరస్ కూడా సోకవచ్చు. అందుకని ఎ, సి, డి, ఇ రకాల హెపటైటిస్‌కీ, హెచ్‌ఐవీకీ రక్తం పంపాం. వీటిలో డి అన్నది బి లేనిచోట బతకలేదు. హెచ్‌ఐవీ పేరు వినగానే శ్రీకాంత్ భార్య ప్రసన్న ముఖం మాడ్చుకుంది. “ఆ టెస్ట్ ఈయనకెందుకు ఆంటీ, ఏమనుకుంటున్నారు మీరు?” అంది. అందరికీ చేస్తామని, మొన్న ఎనభై ఏళ్ల పెద్దాయనకీ చేశామని చెబితే కాస్త తగ్గింది.

ఒక్క ఇ తప్ప అన్నీ లేవని వచ్చాయి. ఇ యాంటీబాడీ దగ్గర మాత్రం సందేహాస్పదం అని ఉంది. ఉందనడానికి చాలదు, లేదనడానికి వీల్లేదు. వైరస్‌నే నేరుగా పట్టుకునే పరీక్షకి రక్తం మరో ఊరి ల్యాబ్‌కి పంపాం. ఈలోగా ఏమనుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఇ వైరస్ మన దేశంలో ఎక్కువగా మురికినీళ్ల వల్ల వస్తుంది. బ్రిటన్‌లో ఎక్కువగా సరిగా ఉడకని పంది మాంసం వల్ల. శ్రీకాంత్ ఇండియా వెళ్లి రెండేళ్లయింది. మాంసం తింటావా అని డాక్టర్లు అడిగితే, ఉల్లిపాయ కూడా ముట్టనన్నాడు. అది కూడా నిజమే.

ఇక మిగిలింది ఒంట్లోని రోగనిరోధక శక్తే తిరగబడి కాలేయాన్ని తింటోందేమోనన్న అనుమానం. దానికి సంబంధించిన యాంటీబాడీ కూడా కొద్దిగా కనిపించింది. అదే అయితే మందు స్టెరాయిడ్. అది నిరోధక శక్తిని తగ్గిస్తుంది. లోపల వైరస్ ఉన్నవాడికి ఇస్తే వైరస్‌కి ఎదురు లేకుండా పోతుంది. ఇవ్వకుండా ఆగితే, అనుమానం నిజమైన పక్షంలో, కాలేయం మిగలదు. మర్నాడు ఉదయం స్టెరాయిడ్ మొదలుపెడదామని కన్సల్టెంట్ నిర్ణయించింది. అది తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒప్పని నమ్మడానికీ ఏమీ లేదు. భోజనం గంటలో క్యాంటీన్‌లో కూర్చుని, దారి చూపించమని భగవంతుణ్ని మనసులో అడిగాను.

సాయంత్రం వార్డుకి వెళ్లేసరికి ప్రసన్న ఇంటి నుంచి పెసరపప్పు, అన్నం తెచ్చి కలుపుతోంది. శ్రీకాంత్ ఆసుపత్రి వాళ్లిచ్చిన జెల్లీ పక్కన పెట్టి, అందులో జంతువుల ఎముకల నుంచి తీసే గెలటిన్ ఉంటుందట కదా అని నన్ను అడిగాడు.

ప్రసన్న నవ్వింది. “చూశారా ఆంటీ ఈ మడి. మాల వేసుకునే ముందు ఆదివారం చూడాల్సింది ఈయన్ని. దీక్షకంతటికీ సరిపడా ఒక్కపూటే లాగించేశారు.”

“ప్రసన్నా, ఇప్పుడా మాటలెందుకు స్వామీ.”

“నేనేం మాలలో లేను కదా.”

ఏం తిన్నావని అడిగాను. అతను రెండు చేతులూ జోడించాడు. “మాలలో ఉండి ఆ పేర్లు ఎత్తకూడదు ఆంటీ.” అతన్ని వదిలేసి ఆవిడని అడిగాను. ఫ్రెండ్ వాళ్ల గార్డెన్‌లో బార్బెక్యూ. వానకి బొగ్గులు సరిగా అంటుకోలేదు. పోర్క్ సాసేజీలు లోపల ఇంకా ఎర్రగానే ఉన్నాయని ఆవిడ చెబుతూనే ఉంది, వీళ్లు తింటూనే ఉన్నారు. ఆ ఆదివారానికీ కళ్లు పచ్చబడడానికీ మధ్య నెల దాటింది. ఇ వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి అంత సమయం పట్టడం మామూలే.

అక్కడి నుంచే కన్సల్టెంట్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఆ ఆదివారం తారీఖు అడిగింది. తర్వాత స్టెరాయిడ్ మొదలుపెట్టొద్దని, ల్యాబ్‌ని తొందరపెట్టమని చెప్పింది. మర్నాడు మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. రక్తంలో ఇ వైరస్ ఉంది, అదీ ఇక్కడి పందుల్లో కనిపించే రకం. బి మాత్ర మానకుండా ఇస్తూ, రోజూ రక్తం చూస్తూ కాచుకున్నాం. మరో మూడు రోజులు దిగజారి, ఆ తర్వాత గడ్డకట్టే సమయం తగ్గడం మొదలైంది. శబరిమల టికెట్లు రద్దు చేసుకుని, ఇక్కడి గుళ్లోనే పూజారి చేత మాల తీయించుకున్నాడు. ఫిబ్రవరికి కాలేయం మామూలైంది, ఇ వైరస్ దానంతటదే పోయింది. దేవుడి దయ అనే నేను అనుకున్నాను. కన్సల్టెంట్ మాత్రం, ఇదంతా ప్రసన్న దయ అంది. రెండూ నిజమే అయి ఉండవచ్చు.

అన్నీ తేలాయని చెప్పలేను. అవే సాసేజీలు తిన్న మిగతావాళ్లకి ఏమీ కాలేదు. ఇ సోకినవాళ్లలో చాలామందికి సోకినట్టే తెలియదు గనక అది వింత కాదు, కానీ వైరస్ ఆ పూట తిండిలోంచే వచ్చిందని రుజువూ లేదు. నాకు తేలింది రెండు విషయాలు. పాత జబ్బు ఉన్న మనిషిలో ఏది చెడినా ఆ జబ్బు మీదకే నెట్టబుద్ధవుతుంది. ముందు దాన్ని పక్కన పెట్టి చూడాలి. ఇక తిండి గురించి ఏం తింటున్నారని అడిగితే చాలదు. శ్రీకాంత్ మాకు అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. మేము ఈ నెల గురించి అడిగాం, వైరస్ అంతకుముందు నెలలో చేరింది.