తూకం రోజు సీతాబాయి

రాయదుర్గం గుట్ట కింద, ఆఫీసు భవనాలు కట్టే కూలీల గుడిసెల మధ్య ఒక రేకుల షెడ్డు. దాని దూలానికి గుండ్రటి కాంటా వేలాడుతుంది. కొక్కేనికి తగిలించిన నిక్కరు లాంటి సంచిలో పిల్లను కూర్చోబెడితే ముల్లు తిరుగుతుంది, పిల్ల ఏడుస్తుంది. అది అంగన్‌వాడీ. కాంటా, ఏడుపు, రెండూ సీతాబాయి చేతి కిందివే.

సీతాబాయిది ఆ ఊరే. ఏడో తరగతి చదివింది. తన బర్రెలు మేసిన చోట అద్దాల మేడ లేచాక వాటిని అమ్మేసి ఈ కొలువులో చేరింది. బర్రెలే నయమంటుంది. దూడ ఎంత తూగినా బర్రె తగాదాకు రాదు.

1999 వానాకాలంలో ఆమె ఒక పొరపాటు చేసింది. పాలమూరు నుంచి వచ్చిన అంజమ్మ బిడ్డ తొమ్మిది కిలోలు తూగితే, తల్లి సంబరపడుతుందని అందరి ముందూ చప్పట్లు కొట్టించింది. అంజమ్మ గుంపుకూ పక్క మేస్త్రీ గుంపుకూ ఇసుక దగ్గర్నుంచి నల్లా దాకా పోటీ. మరుసటి నెల ప్రతి పిల్లా కిలో పెరిగింది.

పక్క గుంపు బుచ్చమ్మ కూతురు శివలీల అయితే కిలోన్నర. రెండేళ్ల పిల్ల, చేతులు మాత్రం అగ్గిపుల్లలే. సీతాబాయి గౌను ఎత్తి చూసింది. మొలతాడుకు మేస్త్రీ గోడ నిలువు చూసే ఇనుప గుండు!

"ఏందే బుచ్చీ ఇది?"

"దిష్టికి కట్టిన టీచరమ్మా."

"గింత దిష్టా? మీ మేస్త్రీ పొద్దుగాల్నుంచి దీనికోసమే లొల్లి వెడుతుండు!"

"నా బిడ్డ తేలికుందని అంజమ్మ నవ్వుతుంది. చప్పట్లు కొట్టిచ్చింది నువ్వే గదా?"

అసలు చిక్కు వేరే ఉంది. బాగా తక్కువ తూగే పిల్లలకు అంగన్‌వాడీలో పంచే బలం పిండి రెండింతలు ఇస్తారు. గురువారం సూపర్‌వైజర్ వీరలక్ష్మి వచ్చి తూచినప్పుడు శివలీల ఇనుముతో సహా తూగితే రెండో పొట్లం ఆగిపోతుంది. ఆ మాటే చెబితే, "పిండి లేకున్నా మంచిదే, నవ్వులపాలు కాను" అంది బుచ్చమ్మ.

సీతాబాయి వెళ్లి నల్లా దగ్గర అంజమ్మ చెవిలో ఒక మాట వేసింది. "ఎవలకూ చెప్పకు. గురువారం ఎక్కువ తూగిన బిడ్డకు అందరి కండ్లు తగుల్తయట." ఎవరికీ చెప్పవద్దంది కనుక సాయంత్రానికి గుడిసెలన్నిటికీ తెలిసింది.

గురువారం పిల్లలందరూ దిగంబరులై వచ్చారు. కడియాల్లేవు, తాయెత్తుల్లేవు, మొలతాళ్లు కూడా విప్పేశారు. ఒక తల్లి కాంటా ముల్లుకు కొంగు అడ్డం పెట్టింది. అంజమ్మ, "జర తక్కువ రాయి మేడమ్, నీ కాల్మొక్కుత" అని బతిమాలింది. శివలీల ఆరు కిలోల రెండు వందల గ్రాములు.

వీరలక్ష్మి కోస్తా మనిషి. కోపంలోనూ మర్యాద వదలదు. "ఏవండీ సీతాబాయి గారూ, మీరు ఈ నెల రాసుకున్న తూకం కన్నా ఇంతమంది పిల్లలు ఇలా తగ్గిపోవడమేమిటండీ? పిండి పిల్లలకి పెడుతున్నారా, బర్రెలకి పెడుతున్నారా అండీ?"

"బర్రెల్ని అమ్మేసిన మేడమ్."

గుండు సంగతి బయటపెడితే బుచ్చమ్మ మళ్లీ ఈ షెడ్డు గడప తొక్కదు. సీతాబాయి మెమో అందుకుంది. శివలీలకు రెండింతల పిండి ఖాయమైంది.

జీపు వెళ్లాక బుచ్చమ్మ రెండు పొట్లాలూ చంకన పెట్టుకొని దగ్గరికొచ్చింది.

"టీచరమ్మా, అందరికన్న తక్కువ నా బిడ్డదేనా?"

"నీ బిడ్డదే."

బుచ్చమ్మ అంజమ్మ వైపు ఓరగా చూసింది.

"అయితే జర చప్పట్లు కొట్టియ్యరాదు?"