మల్లయ్య క్లాంపు, రాణి ముద్ర

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. దోహాలో టైపిస్టుగా చేరిన మొదటి ఏడాది, ఒక మనిషి సంతకం పెట్టి ఇచ్చిన దరఖాస్తును గడువు దాటేదాకా నా సొరుగులోనే ఉంచాను.

అవి డెబ్భైల మధ్య రోజులు. చమురు ధర పెరిగి ఊరంతా తవ్విపోస్తున్నారు. నాకు ఇరవై రెండేళ్లు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో అన్నావదినల ఇంట్లో ఉండి, పేటెంట్ల పని చూసే ఒక వకీలు ఆఫీసుకు నడిచి వెళ్లేదాన్ని. అప్పట్లో ఖతర్‌లో పేటెంటు చట్టం లేదు. ఇంగ్లండులో పేటెంటు ఉన్నవారు ఇక్కడి పత్రికలో హెచ్చరిక వేయించేవారు: ఈ వస్తువు మాది, నకలు చేస్తే దావా వేస్తాం అని. అవి టైపు చేయడం నా పని. ఇంగ్లండు పత్రాలు రాణి పేరుతో మొదలయ్యేవి, చివర పెద్ద ముద్ర. ఒక ఊరికి వారపు సంత హక్కు ఇచ్చినప్పుడు కూడా వెనకటి రాజులు ఇలాంటి పత్రమే రాసిచ్చేవారని ఆఫీసు పుస్తకాల్లో చదివి, డైరీలో రాసుకున్నాను.

మల్లయ్య దుఖాన్ చమురు బావుల దగ్గర హెల్పరు, జగిత్యాల వైపు మనిషి. అక్కడి కంపెనీ ఇంజినీరు పంపిన కవరు ఇవ్వడానికి వచ్చి నా డైరీ చూశాడు.

"గింత పెద్ద మిషను పెట్టుకోని చేత్తోని రాస్తున్నవేంది చెల్లె? గది తెలుగు కొట్టదా?"

రెండోసారి వచ్చినప్పుడు అసలు విషయం చెప్పాడు. వాల్వులోకి ఇసుక పోకుండా బిగించే క్లాంపు తను చేసింది. ఇంజినీరు కొలతలు తీసుకుని తన పేరున పేటెంటుకు పంపాడు. అందులో మల్లయ్య పేరు ఎక్కితే కంపెనీ ఫిట్టరు గ్రేడు ఇవ్వక తప్పదు. లేకపోతే కాంట్రాక్టు ముగియగానే హెల్పరుగానే ఇంటికి.

"ఇంక బరువులు మోసుడు నాతోని గాదు," అన్నాడు.

పేటెంటు వివరణ ఇంగ్లండులో అచ్చయిన రెండు నెలల్లోపు, అసలు తయారుచేసినవాడు తన పేరు చేర్చమని అడగవచ్చు. ఆ దరఖాస్తు నేనే టైపు చేశాను. మల్లయ్య తెలుగులో సంతకం పెట్టాడు. కానీ మా క్లయింటు కంపెనీ, మల్లయ్య కాదు. వకీలు చూడకుండా ఏ కాగితమూ బయటికి పోదు. రోజూ దాన్ని తీసుకుని ఆయన గది దాకా వెళ్లి, వేరే ఫైలు మీద సంతకం చేయించుకుని వచ్చేదాన్ని. ఆయన కాదనేవారేమో, సరే అనేవారేమో. నేను అడగనే లేదు. డైరీలో మాత్రం ప్రతి సాయంత్రం "రేపు" అని రాశాను. గడువు అలాగే దాటింది.

ముద్ర పడి పత్రం వచ్చింది. హెచ్చరిక కూడా నేనే టైపు చేశాను, ఇంజినీరు పేరుతో.

తర్వాత ఈ వృత్తిలో చాలా ఏళ్లు ఉన్నాను. గడువున్న కాగితాన్ని టైపు చేస్తే పని అయినట్టు కాదు; అధికారి ముందు పెట్టి నోటితో చెప్పాలి. చెప్పే ధైర్యం లేనప్పుడు ఎదుటి మనిషి సంతకం తీసుకోకూడదు. నేను నేర్చుకున్నది అంతే.

ఇంటికి పోయే ముందు మల్లయ్య వచ్చాడు. గడువు దాటిందని చెప్పాను, ఎవరివల్లో చెప్పలేదు. పత్రం చూపించమన్నాడు. ముద్ర వంక చూడలేదు. బొమ్మ ఉన్న పేజీని కిటికీ దగ్గర కాసేపు పట్టుకుని చూసి, నా చేతికిచ్చాడు.

"బొమ్మ ఉల్టా గీసిండ్రు చెల్లె. గిట్ల బిగిస్తె ఉసికె లోపలికే పోతది."